ఎనిమిది గంటల సంతకం

కళ్ళాసుపత్రికి చందాలు వసూలు చేసినన్నాళ్ళూ నేను చాలా తెలివైనదాన్నని అనుకునేదాన్ని. ఒక ఫోటో చూపించి, రెండు ముక్కలు మాట్లాడి, మూడో ముక్కకి గొంతు కాస్త తగ్గిస్తే చాలు, ఎదుటివాళ్ళు చెక్కు పుస్తకం తీసేవాళ్ళు. పదకొండేళ్ళు అలా హాయిగా గడిచాయి. తరవాత, జైల్లో ఉన్నవాళ్ళకీ జైలు నుంచి వచ్చినవాళ్ళకీ సాయం చేసే ఈ సంస్థలో నిధుల సేకరణ విభాగానికి పెద్దగా చేరాను. చేరిన వారానికే తెలిసింది, ఆ తెలివంతా ఫోటోలోని పిల్లల కళ్ళదేనని, నాది కాదని.

నమ్మకపోతే ఖైదీల కోసం ఎవర్నైనా డబ్బు అడిగి చూడండి. వెంటనే జేబు తడుముకుంటారు. ఇవ్వడానికి కాదు, పర్సు ఉందో లేదో చూసుకోవడానికి.

ఒక పళ్ళ డాక్టరుగారు, "ఏ తప్పూ చెయ్యని ఖైదీ ఒకడుంటే చెప్పండి, వాడి ఖర్చంతా నాదే" అన్నారు. ఏ తప్పూ చెయ్యనివాళ్ళు ఎక్కడుంటారా అని నేను ఆయన గదిలోనే చుట్టూ చూశాను. బిల్లులు రాస్తున్న కాంపౌండరు తల దించుకున్నాడు. ఇంకొకావిడకి దొంగల మీద ఏ కోపమూ లేదు, కానీ తన వీధిలో దొంగతనం చేసినవాళ్ళు మాత్రం కాకూడదు. శిక్షలు వేసి వేసి రిటైరైన ఒక జడ్జిగారు తన ఆత్మకథ రెండొందల కాపీలు ఖైదీలకి పంచమని పంపించారు. "ఆయన వేసిన శిక్ష అనుభవిస్తున్నారు కదండీ, మళ్ళీ ఇది కూడానా" అని మా గుమస్తా అడిగితే, కట్టలు విప్పకుండానే అటక మీద పెట్టించాను.

మా అత్తగారైతే నేను ఇంకా కళ్ళాసుపత్రిలోనే ఉన్నానని ఎదురింటివాళ్ళకి చెబుతూ ఉంటుంది. మూడేళ్ళయింది, ఎందుకత్తయ్యా ఈ అబద్ధం అని ఒకరోజు అడిగాను.

"జైలంటే నలుగురూ నాలుగు ప్రశ్నలు వేస్తారే. కళ్ళంటే ఎవరికైనా ఉంటాయి, ఎవరూ ఏమీ అడగరు" అంది.

నిధుల సేకరణ గురించి నేను చదివిన పుస్తకాల్లో ఇంత చక్కగా ఎవరూ చెప్పలేదు. మావారు లెక్కల మాస్టారు. ఇలాంటి సంభాషణల్లో ఆయన పేపరు అడ్డం పెట్టుకుని కూర్చుంటారు.

ఆ ఏడాది మేము తలపెట్టింది సంతకం నిధి. అది ఏమిటో చెప్పాలి. శిక్షలో ఆఖరి భాగం ఇంట్లో ఉండి గడపమని కొందరిని షరతుల మీద వదులుతారు. వాళ్ళు ప్రతి సాయంత్రం ఎనిమిది లోపల తమ ఇంటి దగ్గర పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి రిజిస్టరులో సంతకం పెట్టాలి. ఒకసారి తప్పితే హెచ్చరిక. రెండోసారి తప్పితే మిగిలిన శిక్షంతా మళ్ళీ జైల్లోనే, ఇంట్లో గడిపిన రోజులు లెక్కలోకి రావు. బస్సు చెడిపోయిందా, పిల్లకి జ్వరమొచ్చిందా, యజమాని ఇంకో గంట ఉండమన్నాడా అన్నది రిజిస్టరుకి అక్కర్లేదు. అంతకుముందు ఏడాది మా జాబితాలోనే నలభై ఒక్కమంది అలా వెనక్కి వెళ్ళారు. వాళ్ళలో ఒక్కరూ కొత్తగా ఏ నేరమూ చెయ్యలేదు. ఆలస్యమైందంతే. వెనక్కి పంపేముందు అధికారి దగ్గర జరిగే విచారణలో వాళ్ళ తరఫున నోరు విప్పి చెప్పే వకీలు ఉంటే సగంమంది బయటే ఉండేవాళ్ళు. ఆ వకీళ్ళ కోసమే నిధి.

మా ప్రెసిడెంటుగారు రిటైరైన ప్రొఫెసరు. మంచి మనిషి. నిప్పంటుకుంటే నీళ్ళు పొయ్యడానికి ముందు కమిటీ వేసే రకం. ఆయనకి తెలిసిన ఒక పెద్దమనిషి ఉన్నాడు, రంగుల కంపెనీ యజమాని. నగరంలో సగం గోడలు ఆయన డబ్బాల్లోంచి వచ్చినవే. మూడేళ్ళపాటు వకీళ్ళ ఖర్చంతా తనే పెట్టుకుంటానన్నాడు, ఒక్క షరతు మీద.

"నా మనసు కరగాలండి" అన్నాడు నాతో. "కాగితాలు నాకొద్దు. మనిషిని చూపించండి. కరిగిందా, చెక్కు దానంతటదే వస్తుంది."

కాబట్టి ఒక సభ, సభ తరవాత విందు, ఆ సభలో కరిగించగల మనిషి. ఆ మనిషిని వెతకడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. మొదటివాడు సంగతంతా నవ్వుతూ చెబుతున్నాడని ప్రెసిడెంటుగారు వద్దన్నారు. రెండో ఆవిడ మరీ ఎక్కువ ఏడుస్తోంది, విందు మీద ప్రభావం పడుతుందన్నారు. మూడోవాడి నేరం పెద్దది, నాలుగోవాడిది మరీ చిన్నది కాబట్టి కథ లేదు. అయిదోవాడు మరీ అందంగా ఉన్నాడు. ఆరో మనిషిగా తాళాలాయన వచ్చాడు.

నలభై రెండేళ్ళుంటాయి. తాళాలు బాగుచేసే పని. ఆరేళ్ళ కిందట ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక కొట్టు తాళం ఎవరూ పిలవకుండానే తీశాడు. శిక్షలో ఇంకా నాలుగు నెలలు మిగిలి ఉండగా షరతుల మీద ఇంటికొచ్చాడు. మా ఆఫీసుకి వచ్చి కుర్చీ పక్కన నిలబడ్డాడు. కూర్చో తమ్ముడూ అన్నాక కూర్చున్నాడు. టీ ముందు పెడితే ఆవిరి పోయేదాకా చూస్తూ ఉన్నాడు, తాగు అన్నాక తాగాడు. ప్రెసిడెంటుగారు ఎంత క్రమశిక్షణ అని మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను. అది మర్యాద అనుకున్నాను.

"ఆ కొట్టు తాళం ఎందుకు తీశావు బాబూ?" అని ప్రెసిడెంటుగారు అడిగారు.

"డబ్బుందన్నారండి. నాకు తియ్యడం వచ్చు. ఆశ పుట్టింది."

ప్రెసిడెంటుగారు నా వైపు చూశారు. ఆశ మీద ఎవరి మనసూ కరగదు.

"అప్పట్లో మీ అమ్మగారికి ఆరోగ్యం ఏమైనా..."

"మా అమ్మ దుక్కలా ఉందండి."

"పాపకి స్కూలు ఫీజు?"

"అప్పటికే కట్టేశానండి."

"పోనీ, ఇంట్లో తిండికి ఇబ్బంది?"

"లేదండి, ఆ రోజు కడుపునిండా తిన్నాను. ఖాళీ కడుపుతో చెయ్యి వణుకుతుందండి, తాళం రాదు."

మేము గంటసేపు ఆలోచించి, నేరం సంగతి ఎత్తకుండా 'తెలిసీ తెలియని వయసులో జరిగిన పొరపాటు' అని నేనే వేదిక మీద చెప్పేస్తానని తేల్చాం. ఆ వయసు ముప్ఫై ఆరు. మిగతాది అతను చెబుతాడు: పిల్ల పక్కన మొదటిరోజు నిద్రపట్టకపోవడం, ఇంటి తలుపుకి తనే గడియ వేసుకోవడం, రోజూ సంతకానికి వెళ్ళడం. ఇవి అతను మాకు మామూలుగా, బజారుకెళ్ళొచ్చిన సంగతి చెప్పినట్టు చెప్పాడు. వింటూ మా గుమస్తా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నాకు కడుపు నిండిపోయింది. మనిషి దొరికాడు.

"సాయంత్రం ఎనిమిదికి సంతకం ఉందక్కా" అన్నాడు లేవబోతూ. అప్పటికే ఒకసారి తప్పింది. బస్సు మధ్యదారిలో ఆగిపోయి, పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి ఎనిమిదీ నాలుగు. ఇంకోసారి తప్పితే నాలుగు నెలలూ లోపలే.

"మాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది తమ్ముడూ. ఆ నిధి పెట్టేదే అందుకు కదా" అన్నాను.

మర్నాడు అతని భార్య వచ్చింది. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తుంది. చేతుల మీద చిన్న చిన్న కాలిన మచ్చలు. కుర్చీ లాక్కుని కూర్చుంది, మొగుడిలాగా నిలబడలేదు.

"మీ మీటింగు ఎన్నింటికి అవుతుంది మేడం?"

"మీ ఆయన మాట్లాడేది ఆరుంపావుకి. ఆరున్నరకల్లా బయటికి పంపించేస్తాను. హాలు నుంచి మీ స్టేషన్‌కి బస్సులో ముప్పావుగంట. ఇంకా టైము మిగులుతుంది."

"మీరే పంపిస్తారా?"

"నేనే పంపిస్తాను."

ఆవిడ నా ముఖంలోకి కాసేపు చూసింది. నాకు ఇలాంటి చూపు అలవాటే, చందా ఇచ్చేముందు అందరూ అలాగే చూస్తారు. నేను గొంతు కాస్త తగ్గించి, "నా మాట నమ్మమ్మా" అన్నాను. నమ్మింది.

సభ రోజు సాయంత్రం హాలు పెళ్ళివారిల్లులా ఉంది. రంగుల కంపెనీ వాళ్ళు గోడలకి కట్టమని బ్యానర్లు పంపించారు, తలుపు దగ్గర చిన్న డబ్బాలు బహుమతిగా పెట్టారు. మొదటి వరసలో మా కమిటీ. రెండో వరసలో తాళాలాయన సంతకం పెట్టే స్టేషన్ ఇన్‌స్పెక్టరుగారు, ఆయన్ని ప్రెసిడెంటుగారే ప్రత్యేకంగా పిలిచారు. మా అత్తగారు కూడా వచ్చింది. విందు అన్నాక ఆవిడకి నా ఉద్యోగం మీద కొంత గౌరవం కలిగింది. తాళాలాయన పక్క కుర్చీ ఖాళీగా ఉంటే అక్కడే కూర్చుని, అయిదు నిమిషాల్లో ఇంట్లో బీరువా తాళం బిగుసుకుపోతున్న సంగతి అతనికి వివరించడం మొదలుపెట్టింది.

ఆరుంపావయింది. రంగుల పెద్దాయన రాలేదు. నేను ప్రెసిడెంటుగారి దగ్గరికి వెళ్ళి, ముందు అతని చేత మాట్లాడించేద్దామన్నాను.

"ఎవరి మనసు కరగాలో ఆయనే లేనప్పుడు మాట్లాడిస్తే ఎవరికోసమమ్మా?" అన్నారు.

అదీ నిజమే అనిపించింది. వెళ్ళి, "ఇంకో పది నిమిషాలు తమ్ముడూ" అన్నాను.

"సరే అక్కా."

పది నిమిషాలు ముప్ఫై అయ్యాయి. ఒకాయన చేత సందేశం చదివించాం. వార్షిక నివేదిక చదివించాం. కోశాధికారి ఎవరూ అనుకోని ప్రసంగం ఒకటి చేశాడు. నేను మళ్ళీ వెళ్ళి, "బస్సు వద్దులే, ప్రెసిడెంటుగారి కారులో పంపిస్తాను. కారులో ఇరవై నిమిషాలే" అన్నాను. సరే అక్కా అన్నాడు. మా అత్తగారు నన్ను ఎగాదిగా చూసింది.

ఏడూ అయిదుకి రంగుల పెద్దాయన వచ్చాడు. వస్తూనే తను ముందు మాట్లాడతానన్నాడు, కరిగిపోయాక మాట్లాడలేనట. సమయపాలన గురించి మాట్లాడాడు. జీవితంలో తను ఎక్కడికీ ఒక్క నిమిషం ఆలస్యంగా వెళ్ళలేదన్నాడు. సమయం విలువ తెలియని మనిషికి జైలైనా ఇల్లైనా ఒకటేనన్నాడు. ఇన్‌స్పెక్టరుగారు చప్పట్లు కొట్టారు. నేను వేదిక పక్కన తెర వెనక నిలబడి గడియారం చూస్తున్నాను. ఏడూ ఇరవై. ఏడున్నర.

ఇక్కడ నేను దాచకుండా చెప్పాలి. ఏడున్నరకి నేను వెళ్ళి, నువ్వు బయల్దేరు తమ్ముడూ అని ఉంటే సరిపోయేది. కారు వాకిట్లోనే ఉంది. నేను కదల్లేదు. ఒకవైపు మూడేళ్ళ వకీళ్ళ ఖర్చు, ఒకవైపు ఇతని ఒక్క సంతకం. ఒకవైపు నలభై ఒక్కమంది, ఒకవైపు ఒక్కడు. ఇలాంటి లెక్క వేసేటప్పుడు మనిషికి తను చాలా గొప్పగా ఆలోచిస్తున్నట్టు అనిపిస్తుంది. ఎందుకంటే ఆ ఒక్కడూ తను కాదు కదా. మూడోసారి వెళ్ళి, "ఇదిగో, అయిపోవచ్చింది. నీది అయిదు నిమిషాలే. ఇన్‌స్పెక్టరుగారు ఇక్కడే ఉన్నారుగా, ఆయనకి చెబుతాను" అన్నాను. చెప్పలేదు. సభ మధ్యలో రెండో వరసలోకి వెళ్ళి ఆయన చెవిలో గుసగుసలాడితే బాగుండదనుకున్నాను.

ఏడూ నలభైకి తాళాలాయన వేదికెక్కాడు.

చాలా బాగా మాట్లాడాడు. అంత బాగా మాట్లాడకపోతే తొందరగా దింపేసేవాళ్ళమేమో. ఇంటికొచ్చిన మొదటిరోజు కూతురు, నాన్నా లైటు ఆర్పెయ్యనా అని అడిగితే, ఆరేళ్ళుగా ఆ మాట ఎవరూ తనని అడగలేదని గుర్తొచ్చిందన్నాడు. హాల్లో ఎవరో ముక్కు చీదారు. తరవాత సంతకం గురించి చెప్పాడు.

"ఎనిమిది కొట్టగానే కానిస్టేబులుగారు రిజిస్టరులో అడ్డంగా ఎర్రగీత గీస్తారండి. ఆ గీత కింద సంతకం పెట్టినా చెల్లదు. రోజూ నేను ఏడుంపావుకే వెళ్ళి కూర్చుంటాను. ఇవాళ..." అని ఆగి గోడ గడియారం వైపు చూశాడు.

హాలంతా గుడ్లప్పగించి అతన్నే చూస్తోంది. ఇవాళ అన్న మాటని అందరూ బాధలో మాట రాక ఆగిపోవడం అనుకున్నారు. గడియారం చూసినవాళ్ళు మేము ముగ్గురమే, అతను, నేను, మా అత్తగారు. ఏడూ యాభై రెండు. అతను తల తిప్పి నా వైపు చూశాడు. నేను చెయ్యూపాను, బాగుంది కానివ్వు అన్నట్టు.

రంగుల పెద్దాయన కరిగాడు. కళ్ళు తుడుచుకుంటూ వేదిక మీదకి వచ్చి తాళాలాయన్ని కావలించుకున్నాడు. "ఇలాంటి ఎర్రగీతలన్నిటి మీదా మా కంపెనీ రంగు వేసేస్తుంది" అని ప్రకటించాడు. జనం లేచి నిలబడ్డారు. ఇన్‌స్పెక్టరుగారు కూడా లేచి నిలబడ్డారు. తలుపంత అట్టముక్క చెక్కు ఒకటి తెచ్చి, దాని ఒక చివర తాళాలాయన్ని పట్టుకోమన్నారు. రెండో చివర పెద్దాయన. ఫోటోలాయనకి వెలుతురు చాలలేదు, మళ్ళీ తీశాడు. నేను ఆనందంతో ఏడ్చాను. అవి నిజమైన కన్నీళ్ళే, ఆ సంగతి చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

అతన్ని చేయిపట్టుకుని వాకిట్లోకి పరుగెత్తించేసరికి ఎనిమిదీ మూడు. డ్రైవరు విందులో ఉన్నాడు. వెతికి లాక్కొచ్చేసరికి ఎనిమిదీ పది. స్టేషన్‌కి చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. ఎర్రగీత అప్పటికే ఆరిపోయి ఉంది. కానిస్టేబులు రిజిస్టరు నా వైపు తిప్పి చూపించాడు.

"మా సారుని అడగండి మేడం, నా చేతిలో ఏముంది" అన్నాడు.

"మీ సారు ఎక్కడున్నారు?"

"మీ విందులో ఉన్నారండి."

తాళాలాయన బెంచీ పక్కన నిలబడి ఉన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. పైగా, "మీరు ఇంటికెళ్ళండక్కా, ఆలస్యమైంది" అన్నాడు. అతన్ని ఆ రాత్రికి ఇంటికి పంపించారు. వారం తిరక్కుండానే విచారణ నోటీసు వచ్చింది. ఇన్‌స్పెక్టరుగారి నివేదిక ఒక్క వాక్యం: సదరు వ్యక్తి నిర్ణీత సమయానికి హాజరు కాలేదు. సదరు వ్యక్తికి ఆ నిర్ణీత సమయంలోనే తను నిలబడి చప్పట్లు కొట్టానని అందులో లేదు.

ఇంట్లో మా అత్తగారు రెండురోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు వంటింట్లో గిన్నెలు సర్దుతూ అంది.

"సభలో ఇచ్చిన ఫలహారం ప్లేటు ఆ అబ్బాయి ముట్టుకోలేదు తెలుసా. గడియారం చూడటం, నిన్ను చూడటం. నేనే అన్నాను, లేచి వెళ్ళిపో నాయనా, ఎవరేమంటారని. నవ్వి ఊరుకున్నాడు. నువ్వు కళ్ళాసుపత్రిలో ఉన్నప్పుడు నీకు కాస్త కనపడేదే."

మావారు పేపరు దించి, "అమ్మా" అన్నారు. ఆయన అంతకు మించి మాట్లాడటం ఆ ఏడాదిలో నేను వినలేదు.

నేను ప్రెసిడెంటుగారి దగ్గరికి వెళ్ళి, సంతకం నిధి నుంచి మొదటి వకీలుని ఇతనికే పెట్టాలన్నాను. ఆయన నిబంధనల ఫైలు తెరిచి ఏడో నిబంధన నా ముందు పెట్టారు. సంస్థ వేదికల మీద మాట్లాడినవారికి నిధి నుంచి ఎలాంటి సాయమూ చెయ్యరాదు. డబ్బాశ చూపి కథలు చెప్పిస్తున్నారని దాతలు అనుకోకూడదని పెట్టిన నిబంధన. రాసింది నేనే. కమిటీలో అందరూ మెచ్చుకున్నారు కూడా.

"నిబంధన మారుద్దాం" అన్నాను.

"తప్పకుండా. ఉపసంఘం వేద్దాం" అన్నారు ఆయన నిజంగా బాధపడుతూ. "ఈలోగా నాకొకటి తోచిందమ్మా. ఏడాది చివర దాతలకి పంపే ఉత్తరంలో ఇతని సంగతి రాస్తే ఎలా ఉంటుంది? పేరు మార్చేద్దాం. సంతకం తప్పి మళ్ళీ లోపలికి వెళ్ళినవాడు అంటే మన నిధి అవసరం ఎంతో కళ్ళకి కట్టినట్టు ఉంటుంది."

"తప్పించింది ఎవరని రాద్దాం?"

ఆయన నిబంధనల ఫైలు మూశారు. "పరిస్థితులు అని రాద్దాం" అన్నారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన మీద కాదు, ఆ వాక్యం నేనైతే ఇంకా బాగా రాసి ఉండేదాన్నని వెంటనే తోచినందుకు. తప్పు సంస్థదేనని అధికారికి రాసిస్తానన్నాను. సంస్థ లెటర్‌హెడ్ మీద మాత్రం వద్దమ్మా, పెద్దాయన చెక్కు ఇంకా బ్యాంకులో చేరలేదు అన్నారు. తెల్లకాగితం మీద రాశాను. కింద నా ఉద్యోగం పేరు కూడా రాశాను, అది ఎన్నాళ్ళుంటుందో తెలియకపోయినా.

విచారణ గది చిన్నది. ఒక టేబులు, మూడు కుర్చీలు, గోడకి ఆనించిన బెంచీ. అధికారి నా వయసు ఆవిడే. తాళాలాయన బెంచీ ముందు నిలబడ్డాడు. అతని భార్య తలుపు పక్కన కూర్చుంది, పని చేసే చోట సెలవు దొరక్క మధ్యాహ్నం డ్యూటీకి మార్చుకుని వచ్చిందట. వకీలు లేడు కాబట్టి నేనే మాట్లాడాను. పద్నాలుగేళ్ళ వృత్తి కదా, మాటలకేం కొదవ. కానీ ఈసారి గొంతు తగ్గించలేదు. ఆరున్నరకి పంపిస్తానని మాటిచ్చానని, మూడుసార్లు ఆపానని, డబ్బు కోసం ఆపానని, కారు వాకిట్లోనే ఉందని, ఇన్‌స్పెక్టరుగారు చప్పట్లు కొట్టారని, ఇతను ఒక్కసారి కూడా గీత దాటాలనుకోలేదని అంతా చెప్పాను. నాలుగు నెలలు మిగిలిన మనిషిని నా తప్పుకి లోపలికి పంపకండి అన్నాను. అధికారి మొదటినుంచి చివరిదాకా వింది.

"మీరు అతన్ని కట్టేశారా?" అని అడిగింది.

"లేదండి."

"తలుపుకి గడియ పెట్టారా?"

"లేదండి. ఆగమన్నాను."

ఆవిడ అతని వైపు తిరిగింది. "గడియారం చూశావా?"

"చూశానండి."

"టైము అయిపోతోందని తెలుసు."

"తెలుసండి."

"కాళ్ళున్నాయి, తలుపు తీసే ఉంది. మరెందుకు లేచి రాలేదు?"

అతను ఏదో కష్టమైన ప్రశ్న అడిగినట్టు ఆలోచించాడు. అబద్ధం చెప్పడం ఇక్కడైనా నేర్చుకుంటాడేమోనని నేను ఆశపడ్డాను.

"అక్క లెమ్మనలేదండి" అన్నాడు.

అధికారి కలం టేబులు మీద పెట్టింది. నాకు ఆశ పుట్టింది, ఆవిడకి అర్థమైందని. అర్థమయ్యే ఉంటుంది. ఆరేళ్ళపాటు చెబితే లేచి, చెబితే కూర్చుని, చెబితే తిన్న మనిషి, తలుపు తీసి ఉన్నంత మాత్రాన లేవలేడని ఆవిడకి నాకన్నా బాగా తెలుసు. కానీ కాగితం మీద ఆ కారణం రాయడానికి గడి లేదు. రవాణా, అనారోగ్యం, మరణం, ఇవే ఉన్నాయి. వాటిలో ఏదీ కాదు కాబట్టి మిగిలిన నాలుగు నెలలూ లోపలే అని రాసింది. నా కాగితం ఫైలులో జతచేస్తానంది. అదొక్కటీ ఆవిడ చెయ్యగలిగింది.

కానిస్టేబులు పద అన్నాక అతను కదిలాడు. భార్య దగ్గర ఆగమంటే ఆగాడు. వాళ్ళిద్దరూ ఏదో మాట్లాడుకున్నారు, పిల్ల స్కూలు గురించి అనుకుంటాను. పద అంటే వెళ్ళాడు.

నేను వరండాలో నిలబడి ఉన్నాను. అతని భార్య సంచీ భుజానికి తగిలించుకుని వచ్చింది. అద్దె సంగతి నేను చూస్తానని, ప్రతి వారం పిల్లని తీసుకుని చూడ్డానికి వెళ్ళే ఖర్చు నాదని, రేపే పైఅధికారికి ఇంకో అర్జీ పెడతానని గబగబా చెప్పాను. ఆవిడ అడ్డు రాకుండా వింది.

"లోపల చాలా బాగా మాట్లాడారు మేడం" అంది. "నాకే ఏడుపొచ్చింది."

నేను తల దించుకున్నాను.

"అన్ని మాటలు అక్కర్లేదు మేడం. ఆ రోజు వెళ్ళు అని ఒక్క మాట అంటే వచ్చేసేవాడు."

కోపంగా అనలేదు, ఉన్న సంగతి చెప్పింది. తరవాత, డ్యూటీకి టైమవుతోందని మెట్లు దిగి వెళ్ళిపోయింది.